ఆయన చెప్పేవాటిలో కొన్ని నిజమే, మరి మిగతావి?

హన్మకొండకు దగ్గర్లోని ఒక పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 39. పద్నాలుగేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నారు. భర్త వరంగల్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో గుమాస్తా. కూతురికి పదమూడేళ్లు, కొడుకు ఇంకా చిన్నవాడు. ఉత్తరంలోని ముఖ్యమైన భాగం ఇది:

"మా మరిది 2021 మే నెలలో కరోనాతో చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లు. ప్రైవేటు దవాఖానలో పదకొండు రోజులు ఉంచి ఆరు లక్షలకు పైగా కట్టించుకున్నారు. ఏం మందులు ఇచ్చారో అడిగితే చెప్పలేదు. చివరికి మొహం కూడా సరిగ్గా చూడనివ్వలేదు. ఆ బిల్లులన్నీ మా ఆయన ఒక బట్టల షాపు సంచిలో పెట్టి బీరువాలో దాచారు. ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆ సంచి తీసి, మంచం మీద పరిచి, ఒక్కో కాగితం చూస్తూ కూర్చుంటారు. పిలిస్తే పలకరు.

అప్పటి నుంచి ఫోన్లో వీడియోలు చూడడం ఎక్కువైంది. మొదట కరోనా గురించి, తర్వాత మందుల కంపెనీల గురించి. గోదావరికి వరదొస్తే విదేశీ కుట్ర అన్నారు. మేడారం అడవిలో చెట్లు కూలితే ఏదో ప్రయోగం చేశారన్నారు. ములుగులో భూమి కదిలితే, చూసినవా నేను చెప్పలేదా అన్నారు. ఊరి వాట్సాప్ గ్రూపులో అన్నీ పెడుతుంటారు. వాటితో నాకేం ఇబ్బంది లేదు. కానీ పోయిన ఏడాది బీపీ గోళీలు మానేశారు. గోళీలు అమ్ముకోవడానికే కంపెనీలు బీపీ లెక్క తగ్గించాయట. మొన్న క్యాంపులో చూస్తే 170/100 ఉంది. మా అమ్మాయి స్కూల్లో క్యాన్సర్ టీకా గురించి చెప్పి, అమ్మానాన్నల సంతకం కోసం కాగితం పంపారు. ఆయన దాన్ని మడిచి అదే సంచిలో పెట్టేశారు.

ఇవన్నీ ఉత్త మాటలని నేనంటే ఆయన ఒకటే అడిగారు: 'సత్యం కంపెనీ ముచ్చట ఉత్తదేనా? భద్రాచలం దిక్కు ఆడపిల్లల మీద టీకా ప్రయోగం జేసిండ్రు, అది ఉత్తదేనా? యార్డుల ఖరీదుదార్లు కుమ్మక్కై రేటు దింపుతరు, నేను రోజు సూస్తలేనా?' నా దగ్గర జవాబు లేదు. ఆయన తెలివి తక్కువ మనిషి కాదు. లెక్కలో రూపాయి తేడా రానివ్వరు. ఇప్పుడు నాకే అనుమానం వస్తోంది. అసలు ఈ కుట్రల మాటల్లో సాధారణంగా నిజం ఉంటుందా, ఉండదా? నేనే అమాయకంగా బతుకుతున్నానా? ఆయనకు చెప్పకుండా బిడ్డకు టీకా వేయించెయ్యమంటోంది మా అక్క. వేయించనా?"

అమ్మా,

మీ ఆయన అడిగిన మూడూ ఉత్తవి కావు. ముందు ఆ మాట ఆయనతో ఒప్పుకోండి. "అన్నీ ఉత్తవే" అని మీరు అన్నారు కాబట్టే ఆయన నిజమైన మూడింటిని తెచ్చి ముందు పెట్టారు. అక్కడ మీరు ఆగిపోయారు. ఆగిపోవడం మీ నిజాయితీ. అమాయకత్వం అనుకోకండి.

మీ పెద్ద ప్రశ్నకు నా జవాబు ఇది. కుట్రలు జరుగుతాయి. కానీ మన చెవిన పడే కుట్ర కథల్లో చాలావరకు నిజం కావు. రెండింటినీ కలిపి పట్టుకోవడం కొంచెం కష్టం. అందుకే ఆయన అడిగిన వాటినే తీసుకుని చూద్దాం.

సత్యం సంగతి మన కళ్ల ముందే జరిగింది. 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ చైర్మన్ స్వయంగా ఉత్తరం రాసి, పుస్తకాల్లో చూపించిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేదని ఒప్పుకున్నారు. పులి మీద ఎక్కాం, అది తినేయకుండా ఎలా దిగాలో తెలియలేదు అన్న అర్థంలో ఒక మాట కూడా అందులో రాశారు. 2015 ఏప్రిల్‌లో కోర్టు శిక్ష వేసింది పది మందికి. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది. పది మంది, దొంగ లెక్కలు, డబ్బు. చేసిన వాళ్లకు ఏం లాభమో చిన్నపిల్లలకూ అర్థమవుతుంది. అంత చిన్న గుంపు, అంత డబ్బూ పలుకుబడీ ఉండి కూడా దాన్ని చివరిదాకా మోయలేకపోయింది.

భద్రాచలం సంగతి దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. మీ ఇంట్లో గొడవ అదే టీకా మీద కాబట్టి, అక్కడ జరిగినది నిజంగా తప్పు కాబట్టి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదరలోనూ అదే పని జరిగింది. నడిపింది ఒక విదేశీ సంస్థ, వైద్య పరిశోధనలు చూసే మన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ సహకారంతో. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో చదువుకునే పేద ఇళ్ల పిల్లలు, గిరిజన పిల్లలు. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన కాగితాల మీద హాస్టల్ వార్డెన్లు పెట్టారు. తర్వాత లెక్క తీస్తే అలాంటివి 2,763 తేలాయి. తన బిడ్డకు ఏ సూది వేశారో తెలియని తల్లులు ఎంతమందో ఆలోచించండి. ఆ కాలంలో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా ఆరోగ్య సంఘాల వాళ్లు భద్రాచలం వెళ్లి విషయం బయట పెట్టాక, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం అందరినీ పేరు పెట్టి తప్పుపట్టింది.

మీ ఆయన చెప్పినదాంట్లో ఇంతవరకూ నిజం. కోపం న్యాయమైనది. నాకూ ఉంది.

ఆ పిల్లలు టీకా వల్లే చనిపోయారా అన్నది వేరే ప్రశ్న. దాని మీద వేసిన విచారణ సంఘం ఒక్కో మరణాన్నీ విడిగా చూసింది. పురుగుల మందు తాగడం, నీళ్లలో మునిగిపోవడం, జ్వరం, పాము కాటు, ఇలా కారణాలు వేర్వేరుగా కనిపించాయి. టీకాకు వాటితో సంబంధం ఉన్నట్టు లేదని తేల్చింది. అంటే అనుమతి తీసుకోకపోవడం నేరం లాంటి తప్పు, టీకా విషం అన్నది మాత్రం తేలని మాట. వీడియోలు చేసేవాళ్లు మొదటి ముక్కను చూపించి రెండో ముక్కను అమ్ముతారు. మొదటిది నిజం కాబట్టి రెండోదీ దాని వెనకే మనలోకి వచ్చేస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో టస్కిగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది పేద నల్లజాతి మగవాళ్లకు వైద్యం చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. చేసింది ప్రభుత్వ ఆరోగ్య శాఖే. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. నలభై ఏళ్లు! ఇది చదివితే మీ ఆయన, చూశావా ఎంతకాలం దాచారో అంటారు. కానీ దాన్ని వాళ్లు పెద్దగా దాచలేదు. ఆ డాక్టర్లు మధ్యమధ్యలో వైద్య పత్రికల్లో దాని గురించి వ్యాసాలు కూడా రాశారు. చదివినవాళ్లు పట్టించుకోలేదు. వాళ్ల దృష్టిలో ఆ రోగులు లెక్కలోకి వచ్చే మనుషులు కారు. భద్రాచలంలోనూ చీకట్లో ఏమీ చేయలేదు. పట్టపగలు, హాస్టల్లో, వరసలో నిలబెట్టి వేశారు. అడిగే దిక్కు లేని పిల్లలని ధైర్యం.

లోకంలో జరిగే అన్యాయాల్లో చాలావాటికి రహస్య గదులు, చీకటి ముఠాలు అక్కర్లేదని నాకు ఇన్నేళ్లుగా ఈ ఉత్తరాలు చదివాక గట్టిగా అనిపిస్తోంది. పేదవాడి మాట ఎవరూ వినకపోతే చాలు.

ఇక మూడోది, యార్డు ముచ్చట. ఇందులో మీ ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. పొద్దున జెండా పాటలో ఒక్క లాటుకు మంచి ధర పాడతారు. పేపర్లో ఆ ధరే వస్తుంది. ఆ తర్వాత తాలు ఉంది, తేమ ఉంది అంటూ మిగతా బస్తాలను ఎంతకు దింపుతారో బస్తా పక్కన నిలబడ్డ రైతుకు తెలుసు. ఏ మార్కెట్లోనైనా కొనేవాళ్లు నలుగురు మాట్లాడుకుంటే రేటు దిగుతుంది. అలాంటిది రోజూ చూసే మనిషికి, "వెనక ఎవరో ఉన్నారు" అనిపించడం సహజం. చదువుకున్నవాళ్లు ఆయన్ని చూసి నవ్వితే నేను ఒప్పుకోను.

అయితే అదే యార్డు గురించి ఆయన్ని ఒకటి అడగండి. గెలవడానికి అడగొద్దు, తెలుసుకోవడానికి అడగండి. ఎనిమిది మంది ఖరీదుదార్లు పొద్దున కుమ్మక్కైతే ఆ ముచ్చట ఎన్ని గంటలకు బయటికొస్తుంది? నా అంచనా, మధ్యాహ్నం టీ తాగే వేళకు హమాలీలకు కూడా తెలిసిపోతుంది. ఒకడు పక్కవాడి కంటే యాభై ఎక్కువ పెట్టి సరుకు ఎత్తుకుపోతాడు. ఇంకొకడికి వాటా తక్కువైందని అలుగుతాడు. గుమాస్తాలు అన్నీ చూస్తూనే ఉంటారు. ఎనిమిది మంది, ఒకే ఊరు, ఒకే వ్యాపారం, ఒక్క పూట రహస్యం, అదే నిలవదు.

ఇప్పుడు టీకాల కుట్ర ఎంతమందితో నడవాలో చూడండి. తెలంగాణలోనే 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, దవాఖాన డాక్టర్లు, మందులు పరీక్షించే ల్యాబుల వాళ్లు, ఒకరితో ఒకరికి పడని దేశాల ప్రభుత్వాలు, ఒకరి కస్టమర్‌ను ఇంకొకరు లాక్కునే కంపెనీలు, అందరూ నోరు మూసుకోవాలి. పైగా వీళ్లంతా తమ పిల్లలకు కూడా అవే టీకాలు వేయించుకుంటున్నారు. అమ్మా, ఆయన అనే కుట్ర నిజమైతే అందులో మీకూ భాగం ఉండాలి. పద్నాలుగేళ్లుగా ఆ ఊళ్లో పిల్లలకు చుక్కలు వేయించింది మీరే. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరని అప్పట్లో ఎంత ప్రచారం జరిగింది! సహజంగా వ్యాపించే పోలియో వైరస్ వల్ల దేశంలో చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్‌లో వచ్చింది. మళ్లీ రాలేదు. చుక్కలు వేయించుకున్న మొదటి తరం ఆడపిల్లలు ఈ పాటికి తల్లులై, తమ పిల్లల్ని మీ కేంద్రానికి పంపుతూ ఉంటారు. ఇది మీరు కళ్లారా చూసిన సంగతి, ఏ వీడియోలోనూ దొరకదు. ఆయనకు చెప్పండి.

కథలు ఎక్కువ, నిజాలు తక్కువ అని ఎందుకన్నానంటే దానికి ఇంకో కారణం ఉంది. ఒక్క సంఘటన జరగ్గానే దాని చుట్టూ పది కథలు పుడతాయి, అవి ఒకదానితో ఒకటి పొసగవు. కరోనా సంగతే చూడండి. అసలు వైరస్సే లేదు అన్నది ఒకటి. జనాన్ని చంపడానికి కావాలని వదిలారు అన్నది ఇంకొకటి. 5జీ టవర్ల వల్ల వచ్చింది అన్నది మూడోది. వైరస్ లేకపోతే వదిలేది ఏమిటి? ఇక మూడోదానికి ఒక్క తేదీ చాలు: మన దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబర్ 1న, మీ మరిది పోయింది 2021 మేలో. వైరస్ మొదట ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం ఇప్పటికీ తేలని ప్రశ్నే. దాన్ని అడగడం తప్పు కాదు, శాస్త్రవేత్తలూ అడుగుతున్నారు. కానీ పదింటిలో ఒకటి నిజమైనా తొమ్మిది అబద్ధం కావాల్సిందే.

గోదావరి ముచ్చట ఆయన ఊహించి చెప్పింది కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు, విదేశాల వాళ్లు కావాలని క్లౌడ్ బరస్ట్‌లు చేయిస్తున్నారని అంటున్నారు, ఎంత నిజమో తెలియదు అని అప్పటి ముఖ్యమంత్రే అన్నారు. అంత పెద్దవాళ్ల నోటి నుంచి వస్తే మామూలు మనిషి నమ్మడా? కానీ క్లౌడ్ బరస్ట్ అంటే ఇరవై, ముప్పై చదరపు కిలోమీటర్ల చోట గంటలో పది సెంటీమీటర్ల వాన. గోదావరి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆ నది అంతగా పొంగాలంటే మహారాష్ట్ర నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా రోజుల తరబడి వాన పడాలి, ఆ వారం పడింది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర ఇంతకంటే ఎక్కువ, 75.6 అడుగులు వచ్చింది. అప్పటి వరద చూసినవాళ్లు మీ చుట్టాల్లోనే ఉంటారు. మేడారం చెట్లు, ములుగు భూకంపం సంగతి ఇక్కడ తిరగేయను. 2024 ఆగస్టు చివర గాలివాన, అదే డిసెంబర్ 4 పొద్దున భూమి కదలడం, మధ్యలో మూడు నెలలు. ఒకే దిక్కున జరిగాయని మనసు రెండింటినీ ముడేసుకుంటుంది. ఈ రెండూ ఆయన నమ్ముకోనీయండి, వాదించకండి. వాటివల్ల మీ ఇంటికి నష్టం లేదు. మీ ఓపిక వేరే వాటికి కావాలి.

అన్నిటికంటే ముందు బీపీ. 170/100తో గోళీలు లేకుండా ఏడాది తిరగడం ప్రమాదం. పక్షవాతం, గుండెపోటు, కిడ్నీలు పాడవడం, ఇవి ఒక్కరోజు ముందు చెప్పి రావు. ఇక్కడా ఆయన మాటలో ఒక నిజం ముక్క ఉంది. 2017లో అమెరికా వైద్య సంఘాలు బీపీ హద్దును 140/90 నుంచి 130/80కి దించాయి. ఆ దించడం సరైనదేనా అని డాక్టర్లే వాదించుకున్నారు. కానీ మీ ఆయన బీపీ పాత లెక్కలో చూసినా, కొత్త లెక్కలో చూసినా ఎక్కువే. ఆ వాదన 135 ఉన్నవాడిది, 170 ఉన్నవాడిది కాదు. ఇది మీరు నోటితో చెప్పేకంటే, చేతికి పట్టీ కట్టుకునే బీపీ మిషన్ ఒకటి ఇంట్లో పెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక ఆయన్నే చూసుకోమనండి. అంకెలు ఆయన చేత్తోనే, ఆయన చిట్టా పుస్తకంలోనే రాయమనండి. గుమాస్తాకు తాను రాసుకున్న లెక్క మీద ఉన్న నమ్మకం కంపెనీ మీద ఉండదు, డాక్టర్ మీద ఉండదు. రెండు వారాలయ్యాక ఆ పుస్తకం పట్టుకుని పీహెచ్‌సీకి పోవచ్చు, అక్కడ గోళీలకు డబ్బు కట్టక్కర్లేదు. కంపెనీకి లాభం చేస్తున్నానన్న బాధా ఉండదు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి: 180/120 దాటినా, మాట తడబడినా, ఒక వైపు చేయి కాలు లాగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, రెండు వారాలు చూడకండి, 108కి ఫోన్ చేయండి.

టీకా సంగతి. మీ అక్క చెప్పిన దారిలో వెళ్తే పని ఒక్కరోజులో అయిపోతుంది, బిడ్డకు రక్షణ దొరుకుతుంది. తల్లిగా మీకు ఆ హక్కు లేదని నేను అనను. కానీ ఆయనకు ఇవాళ కాకపోతే రేపు తెలుస్తుంది. పదమూడేళ్ల పిల్ల నాన్న దగ్గర ఎన్నాళ్లు దాస్తుంది? తెలిసిన రోజు ఆయన నమ్మకం రుజువైనట్టే. తనకు తెలియకుండా, తన బిడ్డకు, తన ఇంట్లో వాళ్లే కలిసి సూది వేయించారు. తమ్ముడికి ఏం మందులు ఎక్కించారో చెప్పని దవాఖానకూ, మీకూ ఆయన కళ్లకు తేడా కనిపించదు. పిల్లను కూడా అందులోకి లాగినవాళ్లవుతారు.

అసలు వేయించకుండా వదిలేయడం ఇంకో దారి. ఇంట్లో గొడవ ఉండదు. కానీ ఈ క్యాన్సర్ చిన్నది కాదు. 2020 లెక్కల అంచనాలో మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1.24 లక్షల మంది ఆడవాళ్లకు వచ్చింది, 77 వేల మంది చనిపోయారు. ఇంగ్లండ్‌లో పన్నెండు, పదమూడేళ్లకు ఈ టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఆ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది. టీకా వదిలేస్తే, పెద్దయ్యాక మీ అమ్మాయి క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవాలని అయినా నేర్పాలి.

మూడో దారి కొంచెం నెమ్మది. మీకు టైమ్ ఉంది. పదిహేనేళ్లు నిండేలోపు మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలంటారు డాక్టర్లు. రేపే జరగాల్సిన పని కాదు. ఆయన్ని వెంటబెట్టుకుని మీకు నమ్మకం ఉన్న పిల్లల డాక్టర్ దగ్గరికో, వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు దవాఖానకో వెళ్లండి. ఆయన ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకోమనండి: భద్రాచలంలో ఏం జరిగింది, ఏ కంపెనీ టీకా, వేశాక ఏమైనా ఐతే ఎవరు చూస్తారు. ఒక డాక్టర్ విసుక్కుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. విసుక్కునే డాక్టర్ వల్లే ఆయన ఇక్కడిదాకా వచ్చారు. స్కూలు పంపిన ఆ కాగితం గురించీ ఒక మాట చెప్పండి. భద్రాచలం తల్లిదండ్రులకు ఆ రోజు అందకుండా పోయింది సరిగ్గా అలాంటి కాగితమే. అది మీ ఇంటికొచ్చింది. కాదనే హక్కు ఆయనకుంది, అడిగి తెలుసుకుని సరే అనే హక్కూ ఉంది. ఈ దారిలో ఆయన చివరికి ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు మీ నిర్ణయం మీరు తీసుకుంటే, కనీసం ఆయన మొహం మీద చెప్పి తీసుకోండి. నా మనసు ఈ దారి వైపే ఉంది. కానీ ఆ ఇంట్లో రోజూ ఉండేది మీరు.

గ్రూపులో పెట్టే వాటి గురించి మీరు ఇబ్బంది లేదన్నారు. ఒక్క రకానికి మాత్రం అడ్డుపడండి, ఫలానా వాళ్లు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, ఫలానా వాళ్లు మందు కలుపుతున్నారు అనే రకం. 2018 వేసవిలో బైక్ మీద వచ్చి వీధిలో పిల్లవాణ్ని ఎత్తుకుపోయే వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. నాకూ వచ్చింది. కోరుట్లలో ఉన్న మా చెల్లెలికి, జాగ్రత్త అని రాసి, నేనే పంపాను. తర్వాత తెలిసింది, అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ పిల్లవాణ్ని తిరిగి దింపేసి అట్ట మీద రాసింది చూపిస్తారు. ఆ ముక్క కత్తిరించి వదిలారు. అలాంటి వదంతులతోనే ఆ మే నెలలో నిజామాబాద్, యాదాద్రి జిల్లాల్లో, హైదరాబాద్‌లో అమాయకుల్ని కొట్టి చంపారు. నేను పంపిన దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. కానీ నా చెల్లెలు ఎవరికి పంపిందో, వాళ్లు ఎవరికి పంపారో నాకు తెలియదు. ఆ బాధ ఇంకా ఉంది. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పల్లెపల్లెకూ పోలీసులనూ డప్పు కళాకారులనూ పంపి పాటలతో చెప్పించారు, అక్కడ ప్రాణాలు పోలేదు.

చివరికి ఆ సంచి. ఉత్తరమంతా చదివాక నా మనసు అక్కడే ఆగింది. మీ ఆయన వెతుకుతున్న అన్యాయం గోదావరిలో లేదు, మేడారం అడవిలో లేదు. ఆ బట్టల షాపు సంచిలో ఉందేమో అనిపిస్తోంది. ఆ రోజుల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు దవాఖానలకు కరోనా రేట్లు కట్టింది: మామూలు వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000. పదకొండు రోజులూ వెంటిలేటరే అనుకున్నా 99 వేలు. పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు, పెద్ద పరీక్షలు అందులో రావు, వాటిని విడిగా కలపాలి. ఆరు లక్షల్లో ఏది ఎంత అన్నది ఆయనంత బాగా ఎవరు తేల్చగలరు? కేసు షీట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, మూడేళ్లు దాచాలని వైద్య మండలి నిబంధన ఉంది. ఆ మూడేళ్లూ దాటాయి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువూ దాటింది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే వినే వీలుంది కానీ గట్టి ఆశ పెట్టుకోవద్దు. అయినా ఒక ఉత్తరం రాసి రికార్డు అడగడానికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా ఒక వకీలు సలహా తీసుకోవడానికి అడ్డేమీ లేదు. డబ్బు తిరిగి రాకపోవచ్చు. తమ్ముడికి ఏం ఇచ్చారో ఆయనకు తెలుస్తుందేమో.

ఈసారి రాత్రి ఆయన ఆ సంచి తీసినప్పుడు పిలవకండి. మీరూ వెళ్లి మంచం మీద అటు వైపు కూర్చోండి. బిల్లులు తేదీ వరసన పెట్టడం మొదలుపెట్టండి, ఒకటో రోజు, రెండో రోజు. స్కూలు కాగితం మధ్యలో కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి. దాని సంగతి ఆ రాత్రికి వద్దు.